24 ఏళ్ళ స్టాపర్, రెండు ఆఫర్లు, చేతిలో ఒక ఉద్యోగం

నల్లగొండ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆయన వయసు 24. స్కూల్లో ఫుట్‌బాల్ ఆడేవారు, ఫార్వర్డ్‌గా. 15 ఏళ్ళప్పుడు ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. జిల్లా అండర్-16 సెలక్షన్లకు రెండుసార్లు వెళితే, రెండుసార్లూ పది నిమిషాలు కూడా ఆడించకుండా పంపించేశారు. ఇంటర్లో ఆట మానేశారు. 17, 19 ఏళ్ళ మధ్య ఒక్కసారిగా పెరిగి 6 అడుగులయ్యారు. ఇంజినీరింగ్ కాలేజీ జట్టులో స్టాపర్‌కు, అంటే గోల్ ముందు మధ్యలో కాపుండే డిఫెండర్‌కు, దెబ్బ తగిలితే ఆ జాగాలో ఈయన్ని దింపారు, ఇక అక్కడే కుదురుకున్నారు. మూడేళ్ళుగా హైదరాబాద్ లీగ్‌లో ఒక క్లబ్బుకు ఏడాదికి పది, పన్నెండు మ్యాచ్‌లు ఆడుతున్నారు. ప్రైవేటు కంపెనీలో నెలకు 27 వేల జీతం.

ఇప్పుడు వేరే రాష్ట్రాల నుంచి రెండు పిలుపులు వచ్చాయి. మొదటిది ఐ-లీగ్ 2 (దేశంలో మూడో అంచె లీగ్) క్లబ్బు: 7 నెలలకు నెలకు 30 వేలు, బస, భోజనం వాళ్ళవే. అయితే అక్కడ ఇప్పటికే ముగ్గురు స్టాపర్లున్నారు, ఈయన నాలుగోవారు. రెండోది ఐ-లీగ్ 3 (దాని కింది అంచె) క్లబ్బు: అవే 7 నెలలు, నెలకు 15 వేలు, బస, భోజనం. ‘మొదటి పదకొండు మందిలో నువ్వుంటావ్’ అని కోచ్ మాటిచ్చారు. నాన్నగారు ఆర్టీసీ కండక్టర్, వచ్చే ఏడాది రిటైరవుతారు. చెల్లెలి పెళ్ళికి తీసుకున్న అప్పుకు నెలకు 9 వేల వాయిదా ఈయనే కడుతున్నారు. బ్యాంకులో 1.40 లక్షలున్నాయి. గత ఏడాది కుడి తొడ వెనక కండరం రెండుసార్లు పట్టేసింది. ఎడమ కాలు బలహీనం. ఇది చాలదన్నట్టు, పెద్ద క్లబ్బులో ట్రయల్ ఇప్పిస్తానంటూ ఒకాయన 40 వేలు అడుగుతున్నాడు. ‘నేను ఆలస్యమయ్యానా? ఉద్యోగం మానేయాలా? ఏ క్లబ్బుకు వెళ్ళాలి?’ అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా రెంటికీ జవాబు దాంట్లోనే ఉంది.

మీరు వింగర్ (మైదానం అంచుల వెంట పరుగుతో దాడి చేసేవాడు) అయితే జవాబు వేరుగా ఉండేది. స్టాపర్ సంగతి వేరు. ఫార్వర్డ్ నాలుగు ఛాన్సులు పోగొట్టుకుని ఒక గోల్ కొడితే హీరో. స్టాపర్ 89 నిమిషాలు తప్పు చెయ్యకుండా ఆడి ఒక్క బంతిని తప్పుగా అంచనా వేస్తే మ్యాచ్ పోతుంది. అందుకే కోచ్‌లు ఆ జాగాలో కుర్రాడికంటే దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి నమ్ముతారు. పైగా ఆ జాగాలో కావలసిన గుణం, అంటే బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టడం, వయసుతో పెరిగేదే కానీ తరిగేది కాదు. గోల్‌కీపర్ల తర్వాత ఎక్కువకాలం ఆడగలిగేది స్టాపర్లే.

15 ఏళ్ళప్పుడు మిమ్మల్ని పక్కనపెట్టడం కూడా మీ ఆట మీద తీర్పు కాదు. మగపిల్లల్లో అతివేగంగా ఎత్తు పెరిగే దశ సగటున 14 ఏళ్ళ దగ్గర వస్తుంది. కొందరికి 12కే వస్తుంది, కొందరికి 16 దాటాక. అండర్-16 సెలక్షన్లలో అరగంటలో వందమందిని చూసి ఇరవై మందిని ఏరేటప్పుడు, మీసాలొచ్చిన పిల్లవాడు కంటికి ఆనినంతగా మీలాంటివాడు ఆనడు. చాలాచోట్ల జరిగేదే ఇది. ఆ వయసులో చిన్నగా ఉన్న పిల్లలు బలంతో నెగ్గలేరు కాబట్టి తెలివితో నెట్టుకొస్తారు. ఎత్తు వచ్చాక ఆ తెలివి వాళ్ళకు మిగిలే ఉంటుంది. మీరు ఫార్వర్డ్‌గా ఆడిన సంవత్సరాలు కూడా వృథా పోలేదు. ఫార్వర్డ్ ఎప్పుడు భుజం వెనక్కి జారుకుంటాడో మీకు చెప్పాల్సిన పనిలేదు. 1962 ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ దీనికి సరిగ్గా తిరగేసి చేశారు. తలకు దెబ్బ తగిలిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపితే, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఆయన గోల్ కొట్టారు, స్వర్ణం మనకొచ్చింది. ఆ రెండు జాగాలకూ అంత దగ్గరి చుట్టరికం.

అయితే ఉత్తరంలో మీరు ధైర్యం కోసం చెప్పుకున్న ఉదాహరణ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ‘అనస్ ఎడతొడిక 30 ఏళ్ళకు ఇండియాకు ఆడాడు కదా, నాకింకా ఆరేళ్ళుంది’ అని రాశారు. అనస్ కథ నిజం, గొప్పది కూడా. కేరళలోని మలప్పురం జిల్లా కొండోట్టిలో 1987లో పుట్టారు. కుటుంబం కోసం ఆటో నడిపిన మనిషి. 2017 మార్చిలో కంబోడియా మీద, 30 ఏళ్ళు నిండాక, మొదటిసారి దేశం జెర్సీ వేసుకున్నారు. అదే ఏడాది ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే చోట, జంషెడ్‌పూర్ క్లబ్బు అందరికంటే ముందు ఆయన్నే ఎంచుకుంది, 1.10 కోట్లకు.

కానీ ఆయన 30తో మీ 24ను పోల్చకండి. ఆయన 24ను చూడండి. 2007లో ముంబయి ఎఫ్‌సీలో చేరారు. 24 ఏళ్ళు వచ్చేసరికి అక్కడ నాలుగు సీజన్లు పూర్తిచేసి పుణె ఎఫ్‌సీకి వెళ్ళారు. అక్కడ మళ్ళీ నాలుగేళ్ళు. తర్వాత రాబర్టో కార్లోస్ కోచ్‌గా ఉన్నప్పుడు ఢిల్లీ డైనమోస్. పేరు ఆలస్యంగా వచ్చిందే తప్ప మ్యాచ్‌లు ఆలస్యంగా రాలేదు. దేశం ఆయన్ని గుర్తించేనాటికి దాదాపు పదేళ్ళ క్లబ్బు ఫుట్‌బాల్ ఆయన కాళ్ళలో ఉంది.

ఇంగ్లండ్‌లో డాన్ బర్న్ కథా ఇంతే. 11 ఏళ్ళప్పుడు న్యూకాజిల్ అకాడమీ వద్దంది. తర్వాత సూపర్‌మార్కెట్లో ట్రాలీలు తోశాడు. 2025 మార్చి 16న అదే న్యూకాజిల్ తరఫున లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మీద కార్నర్‌కు హెడర్ కొట్టి, 70 ఏళ్ళ తర్వాత ఆ క్లబ్బుకు దేశవాళీ కప్పు దక్కడంలో పాలుపంచుకున్నాడు. ఐదు రోజులకు, 32 ఏళ్ళ వయసులో, ఇంగ్లండ్‌కు మొదటి మ్యాచ్ ఆడాడు. వార్తల్లో ఇంతవరకే వస్తుంది. 17 ఏళ్ళకే డార్లింగ్టన్ మొదటి జట్టులో ఆడాడనీ, ఫుల్హమ్ కొనుక్కున్నాక కూడా యోవిల్, బర్మింగ్‌హామ్‌లకు లోన్ మీద, అంటే కొన్నాళ్ళపాటు అరువుగా, వెళ్ళి ఆడుతూనే ఉన్నాడనీ ఆ కథ చెప్పేవాళ్ళు వదిలేస్తారు. స్టువర్ట్ పియర్స్ 21 ఏళ్ళదాకా ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటూ వీల్డ్‌స్టోన్ అనే చిన్న క్లబ్బుకు ఆడాడు. 1983లో కోవెంట్రీ తీసుకునేనాటికి ఐదేళ్ళపాటు పెద్దవాళ్ళ మొరటు ఫుట్‌బాల్‌లో నలిగి ఉన్నాడు. తర్వాత ఇంగ్లండ్‌కు 78 మ్యాచ్‌లు ఆడాడు.

కాబట్టి మీ కొరత సంవత్సరాలది కాదు, మ్యాచ్‌లది. ఏడాదికి పన్నెండు చొప్పున మూడేళ్ళు ఆడినా ముప్పై ఆరు దాటవు, అదీ ఒకే స్థాయిలో. రాబోయే రెండేళ్ళలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టగల ఫార్వర్డ్‌ల ముందు ఎన్ని పూర్తి మ్యాచ్‌లు ఆడతారన్నదే మీ కెరీర్‌ను తేలుస్తుంది. లీగ్ పేరు, జెర్సీ మీద బొమ్మ, జీతంలో 15 వేల తేడా దాని తర్వాతి సంగతులు.

ఈ కొలతతో రెండు ఆఫర్లనూ చూడండి. ఐ-లీగ్ 2 క్లబ్బులో నాలుగో స్టాపర్ అంటే, ముందున్న ముగ్గురిలో ఎవరికైనా సస్పెన్షనో గాయమో అయితేనే మీ వంతు. సీజన్లో మూడు నాలుగు మ్యాచ్‌లు దక్కితే అదృష్టం. రోజూ మంచి ఆటగాళ్ళతో ప్రాక్టీసు చేస్తారు, మీ వేగం, టచ్ తప్పకుండా మెరుగవుతాయి. కానీ ప్రాక్టీసులో తప్పు చేస్తే విజిల్ వేసి మళ్ళీ ఆడిస్తారు. 80వ నిమిషంలో కాళ్ళు బరువెక్కినప్పుడు డిఫెండర్ల లైన్ నిలబెట్టడం ప్రాక్టీసులో రాదు. సీజన్ అయ్యాక మీ గురించి ఇంకో కోచ్ అడిగితే చూపించడానికి మ్యాచ్‌లుండవు. ఆ క్లబ్బుకే వెళ్ళాలనుకుంటే ఒక మాట అడిగి చూడండి: సీజన్ సగానికి ఫలానన్ని మ్యాచ్‌లు ఆడించకపోతే లోన్ మీద వేరే క్లబ్బుకు పంపడానికి ఒప్పుకుంటున్నట్టు కాంట్రాక్టులో రాస్తారా? రాస్తే ఆ ఆఫర్ విలువ రెట్టింపవుతుంది. ‘చూద్దాంలే’ అంటే అదే జవాబు. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఫిఫా నిబంధనల ప్రకారం ఒక సీజన్లో మూడు క్లబ్బులదాకా రిజిస్టర్ కావచ్చు గానీ, మామూలుగా అధికారిక మ్యాచ్‌లు ఆడగలిగేది రెంటికే.

ఐ-లీగ్ 3 క్లబ్బు కోచ్ ఇచ్చింది నోటిమాట. దాన్ని పరీక్షించడానికి దారులున్నాయి. జట్టులో మిగతా స్టాపర్లు ఎవరు, వాళ్ళ వయసెంత, గత సీజన్లో ఎన్ని మ్యాచ్‌లు ఆడారు? గోల్‌కీపర్ ఎవరు? బయటికొచ్చి క్రాస్‌లు (పక్కల నుంచి గోల్ ముందుకు వేసే బంతులు) పట్టని కీపర్ వెనకుంటే మీరు ఎంత బాగా ఆడినా గోల్స్ పడతాయి, పేరు మీకే పోతుంది. అన్నిటికంటే ముందు, ఆ కోచ్‌కు సీజన్ పొడుగునా కాంట్రాక్టు ఉందా? మాటిచ్చిన మనిషి అక్టోబరులో వెళ్ళిపోతే మాట కూడా ఆయనతోనే పోతుంది. ఒక ప్రాక్టీసు మ్యాచ్‌కు సొంత ఖర్చుతో వెళ్ళి ఆడి రండి. మిమ్మల్ని ఏ జాగాలో, ఎవరి పక్కన, ఎంతసేపు ఆడించారో చూస్తే సగం తెలిసిపోతుంది. ఆ మాట నిజమేనని తేలితే నా మొగ్గు ఈ రెండోదాని వైపే. దీని ఖరీదు మాత్రం డబ్బు. ఆ లెక్క కింద చూద్దాం.

ఆట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆలస్యంగా స్టాపర్ అయినవాళ్ళు పై స్థాయిలో ఎక్కువగా దొరికిపోయేది ఒకేచోట: తలమీదుగా వెనక పడే పొడుగు బంతి. హైదరాబాద్ లీగ్‌లో మీ ఎత్తు, పరుగు ఆ తప్పును కప్పేస్తాయి. అక్కడ కప్పవు.

ఆ తప్పు ఎలా జరుగుతుందో చూడండి. ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ దగ్గర బంతి ఉంది. మీరు రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టి, ఛాతీ బంతివైపు తిప్పి నిలబడ్డారు. కళ్ళు బంతి మీదే. ఫార్వర్డ్ మీ వెనక భుజం పక్కకు, మీకు కనపడనిచోటికి జారుకున్నాడు. బంతి లేచింది. మీరు రెండు అడుగులు వెనక్కే నడిచారు, తర్వాత తిరిగారు. ఆ రెండు అడుగుల్లో వాడు మూడు గజాలు ముందుకెళ్ళిపోయాడు. ఇక పెనాల్టీయో, రెడ్ కార్డో, గోలో.

సరిచెయ్యడం బంతి లేవకముందే మొదలవ్వాలి. మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: బంతి దగ్గరున్నవాడి మీద ఒత్తిడి ఉందా, లేదా? మనవాడు వాడి మీదికి వెళ్ళి తలెత్తనివ్వకపోతే, లైన్ నాలుగైదు గజాలు పైకి జరగాలి. వాడు తీరిగ్గా తలెత్తి, కాలు వెనక్కి లాగాడంటే పొడుగు బంతి రాబోతోంది. అప్పుడు ఆఫ్‌సైడ్ ఆశ మానేసి, వాడు తన్నకముందే వెనక్కి కదలాలి. నిలబడేటప్పుడు ఒక పాదం వెనక, నడుము టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు సగం తిరిగి ఉండాలి. అలా ఉంటే మొదటి అడుగే పరుగవుతుంది. బంతి తన్నేలోపు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి ఫార్వర్డ్ ఎక్కడున్నాడో కళ్ళలో పెట్టుకోవాలి. ఎగిరేది ఒంటికాలి మీద, పరుగు ఊపుతో. తల తాకే బంతి ఎత్తుగా, దూరంగా, పక్కలకు పోవాలి తప్ప మధ్యలోకి రాకూడదు. ఆ బంతిని నేలమీద గంతెయ్యనివ్వకండి. గంతేసిన బంతి ఎవరిదో చెప్పలేం. మీరు ఎగిరినప్పుడు పక్క స్టాపర్ మీకు ఐదారు గజాలు వెనగ్గా, లోపలివైపు ఉండాలి. అతను ఎగిరినప్పుడు మీరూ అంతే. ఈ రెండో భాగం ఎవరితో ఆడితే వాళ్ళతోనే అబ్బుతుంది, అందుకే ఒకే జోడీతో వరసగా ఆడటం స్టాపర్‌కు అంత అవసరం.

ప్రాక్టీసుకు ముగ్గురు చాలు. ఒకరు 40 గజాల దూరం నుంచి తన్నాలి, ఒకరు ఫార్వర్డ్, ఒకరు మీరు. తన్నేవాడు కొన్నిసార్లు ఉత్తుత్తినే కాలు ఊపాలి. వారానికి రెండు రోజులు, రోజుకు 20 బంతులు. అన్నీ తలతో కొట్టకండి, మెదడుకు మంచిది కాదు. ఇరవయ్యిట్లో సగం పాదంతోనో ఛాతీతోనో తీసుకోండి.

ఎడమ కాలు సంగతి. ఇప్పుడు ఏ కోచ్ అయినా గోల్‌కీపర్ నుంచి ఆట మొదలుపెట్టమంటాడు. ఎడమ కాలు రాని స్టాపర్‌ను ప్రత్యర్థులు రెండు మ్యాచ్‌ల్లో కనిపెట్టేస్తారు. కుడివైపు మూసేసి ఎడమకు నెడతారు, అక్కడ బంతి పోతుంది. రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. మీకు పోటీ అక్కర్లేదు, గోడ చాలు. రోజుకు 15 నిమిషాలు, 10 గజాల నుంచి, ఎడమతో ఆపి ఎడమతోనే ఇవ్వడం. మూడు నెలలకు 30 గజాల పాస్ రాకపోయినా ఫర్వాలేదు, 12 గజాల పాస్ కంగారు లేకుండా వెళితే సరిపోతుంది.

ఇక తొడ వెనక కండరం. ఉత్తరంలో మీరు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు, కానీ మీ ప్రణాళిక మొత్తం కూలేది ఇక్కడే. రోజంతా కుర్చీలో కూర్చుని, సాయంత్రం వార్మప్ లేకుండా పూర్తి వేగంతో పరిగెత్తడం, వారానికి మూడు రోజుల నుంచి హఠాత్తుగా ఆరు రోజుల ప్రాక్టీసుకు మారడం, ఈ రెండూ ఆ కండరాన్ని తెంపుతాయి. ఒకే ఏడాదిలో రెండుసార్లు పట్టిందంటే మూడోసారి పట్టే ప్రమాదం మామూలు మనిషికంటే ఎక్కువ. ముందు ఒక ఫిజియో దగ్గర రెండు కాళ్ళ బలం పోల్చి చూపించుకోండి. చేరడానికి కనీసం ఆరు వారాల ముందు నుంచీ వారానికి రెండుసార్లు నార్డిక్ కర్ల్స్ మొదలుపెట్టండి. మోకాళ్ళ మీద నిలబడి, చీలమండలు ఇంకొకరు పట్టుకుంటే, వీపు నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలడం. మొదట 3 నుంచి 5 సార్లే. రెండో రోజు నొప్పులు పుడతాయి, దానికి భయపడి మానకండి. నెల తిరిగేసరికి 7 నుంచి 10కి తేవచ్చు. దీనితోపాటు 30 మీటర్ల పరుగులు ఆరు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. మొదటి వారం మీ పూర్తి వేగంలో మూడింట రెండొంతులు, ఐదో వారానికి దాదాపు పూర్తి వేగం. అసలు వేగంగా పరిగెత్తకుండా కాపాడుకున్న కండరం మ్యాచ్‌లో మొదటి నిజమైన పరుగుకే తెగుతుంది. వార్మప్‌కు ఫిఫా 11+ ఉంది, 20 నిమిషాల పని, మూడు భాగాలు, 15 వ్యాయామాలు. జట్టు చెయ్యకపోతే మీరొక్కరే ముందొచ్చి చేసుకోండి. గాయం ఎంత నిర్దయగా ఉంటుందో కూడా అనస్ కథలోనే ఉంది. 2019 ఆసియా కప్‌లో బహ్రెయిన్‌తో కీలకమైన మ్యాచ్‌లో మొదటి నిమిషాల్లోనే దెబ్బతిని బయటికొచ్చారు. చివర్లో పడిన పెనాల్టీతో ఇండియా ఓడింది. ఆ వెంటనే దేశం తరఫున ఆట చాలిస్తున్నానని ప్రకటించారు, తర్వాత కోచ్ పిలిస్తే తిరిగొచ్చారు. 30కి దేశం జట్టులోకి వచ్చిన ఆటగాడికి ఒక్కో గాయం ఒక్కో సీజన్‌ను మింగేస్తుంది.

డబ్బు లెక్క చూద్దాం. మీ వాయిదా ఏడాదికి 1.08 లక్షలు. మొదటి క్లబ్బు 7 నెలలకు 2.10 లక్షలిస్తే, వాయిదా పోను 1.02 లక్షలు మిగులుతాయి. రెండోది 1.05 లక్షలే, వాయిదాకే 3 వేలు తక్కువ. రెండు జతల బూట్లు, ఫిజియో, ప్రయాణాలు అదనం. మిగతా 5 నెలలు ఇంటి దగ్గరే ఉంటే మీ 1.40 లక్షల్లో లక్షకు అటూ ఇటూగా మిగలొచ్చు, హైదరాబాద్‌లో గది తీసుకుంటే అదీ ఉండదు. అంటే రెండో ఆఫర్ ఒక ఏడాదికి భరించగలరు, రెండో ఏడాదికి భరించలేరు. పైగా ఆ రెండో ఏడాదికి నాన్నగారి జీతం ఆగిపోతుంది. ఇది ముందే తెలుసుకుని దిగితే తప్పులేదు.

ఇది కూడా జీతం సమయానికి వస్తుందనుకుంటేనే. 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజనే నిలిచిపోయి, కొన్ని పెద్ద క్లబ్బులు జీతాలు ఆపేశాయి. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ క్లబ్బు తర్వాత బకాయిలతో ఫిఫా నిషేధం ఎదుర్కొంది, చివరికి ఊరే దాటిపోయింది. పైవాళ్ళకే అలా ఉంటే కింది లీగ్ సంగతి చెప్పాలా. కాబట్టి కాంట్రాక్టు రాతపూర్వకంగా, ఇద్దరి సంతకాలతో, ఒక కాపీ మీకు ఇచ్చేలా ఉండాలి. జీతం ఏ తేదీకి, ఏ ఖాతాలో. గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, కోలుకునే నెలల్లో జీతం ఉంటుందా. ఇవి స్పష్టంగా రాయించుకోండి. మోకాలి లిగమెంట్ తెగితే కోలుకోవడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది, అంటే మీ కాంట్రాక్టుకంటే ఎక్కువ. ‘మెడికల్ పాసైతేనే ఈ కాంట్రాక్టు చెల్లుతుంది’ అని రాస్తే ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. పరీక్ష సంతకానికి ముందే చేయించాలి. ‘క్లబ్బు కోరితే ఇంకో ఏడాది పొడిగింపు’ అని ఒకవైపు హక్కే రాస్తే తీయించెయ్యండి. రెండు నెలల జీతం రాకపోతే రాతపూర్వకంగా నోటీసిచ్చి, 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు ఫిఫా నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు వెళ్ళేది ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ప్లేయర్స్ స్టేటస్ కమిటీకి. ఫోన్లో అడిగిన అడుగులు లెక్కలోకి రావు, ఈమెయిల్ పెట్టండి.

మీ వయసుతో ఒక లాభం కూడా ఉంది. ఆటగాడిని తయారుచేసిన క్లబ్బులకు కట్టాల్సిన శిక్షణ పరిహారం ఫిఫా నిబంధనల్లో 23వ పుట్టినరోజు వచ్చిన ఏడాది చివరిదాకానే. మీరది దాటారు. కొత్త క్లబ్బుకు మీరు ఆ భారం లేని ఆటగాడు, జీతం మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

40 వేలు అడిగే ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఏజెంటుకు ఫిఫా లైసెన్స్ ఉండాలి, ఆయన సంపాదన మీ జీతంలో వాటాగా రావాలి తప్ప ట్రయల్‌కు ముందే మీ జేబులోంచి కాదు. పెద్ద క్లబ్బుకు స్టాపర్ కావాలంటే వీడియో అడుగుతుంది. ఆ వీడియో మీరే చేసుకోవచ్చు. నాలుగైదు నిమిషాల ముక్కలు, వాటితోపాటు కత్తిరించని ఒక పూర్తి మ్యాచ్. ఫార్వర్డ్‌ను క్లిప్పులతో అంచనా వెయ్యొచ్చు. స్టాపర్ మంచితనమంతా ఏమీ జరగని నిమిషాల్లో ఉంటుంది, కాబట్టి తెలిసిన కోచ్ పూర్తి మ్యాచే చూస్తాడు. మీరు ఓడిన మ్యాచైనా ఫర్వాలేదు.

మీరు అడగని సంగతొకటి చెప్పాలి. మీ వయసుకు నిజంగా మూసుకుపోతున్న తలుపు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కాదు, రైల్వే స్పోర్ట్స్ కోటా. దానికి వయసు 18 నుంచి 25, ఏ వర్గానికీ సడలింపు లేదు. నడుస్తున్న ఆర్థిక సంవత్సరం, అంతకుముందు రెండేళ్ళలో సాధించినవే లెక్కలోకి తీసుకుంటారు. అవి కూడా ముఖ్యంగా సంతోష్ ట్రోఫీ లాంటి జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవి కావాలి, మామూలు క్లబ్బు మ్యాచ్‌లు ఎన్ని ఆడినా అక్కడ పెద్దగా అక్కరకు రావు. అంటే మీకు మూడో దారి ఉంది: ఈ ఏడాది ఉద్యోగంలోనే ఉండి, తెలంగాణ జట్టు సెలక్షన్లకు గురిపెట్టడం. కుదిరితే జీవితాంతం జీతం, దానితోపాటు డిపార్ట్‌మెంట్ జట్టు. కుదరకపోతే ఇంకో ఏడాది పన్నెండు మ్యాచ్‌లతోనే గడిచిపోయి 25 వస్తాయి, ఈ రెండు క్లబ్బులూ మళ్ళీ పిలవకపోవచ్చు. వేరే రాష్ట్రం క్లబ్బులో రిజిస్టరైతే తెలంగాణ సెలక్షన్లకు అడ్డవుతుందా అన్నది సంతకానికి ముందే తెలంగాణ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో అడగండి. ప్రొఫెషనల్‌గా ఆడి మళ్ళీ అమెచ్యూర్‌గా నమోదు కావాలంటే చివరి మ్యాచ్ తర్వాత 30 రోజులు ఆగాలన్నదీ తెలుసుకుని ఉండండి.

నాన్నగారితో ‘నా కల’ అంటూ మొదలుపెట్టకండి. 7 నెలలు, వాయిదా ఎవరు ఎలా కడతారు, గాయమైతే ఏమిటి, ఏ తేదీకి తిరిగొస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ‘సీజన్లో పది పూర్తి మ్యాచ్‌లు ఆడకపోతే, లేదా పై లీగ్ నుంచి ఒక్క పిలుపైనా రాకపోతే, మళ్ళీ ఉద్యోగమే’ అని మీరే హద్దు గీసి చెప్పండి. నెలజీతంతో ఇల్లు నడిపిన మనిషికి హద్దు ఉన్న సాహసం అర్థమవుతుంది. ఆఫీసులో ముందు 7 నెలల జీతం లేని సెలవు అడగండి. ఇవ్వమంటే, తిరిగొచ్చాక మళ్ళీ తీసుకుంటారేమో మేనేజరు దగ్గర మాట తీసుకోండి. రాజీనామా మాత్రం సంతకాలైన కాంట్రాక్టు మీ చేతికొచ్చి, ఏఐఎఫ్‌ఎఫ్ సీఆర్‌ఎస్‌లో (ఆటగాళ్ళ నమోదు వ్యవస్థ) మీ పేరు ఆ క్లబ్బు కింద కనిపించాకే పెట్టండి.